అప్పటికప్పుడు బయలుదేరే రోజు: కొండ మీద కాఫీ రుచి చూడటం

స్నేహితులతో గడపదలచిన సెలవు రోజు సాధారణంగా రెండు విధాలుగా చెడిపోతుంది. తేదీల మీద తేదీలు మార్చి, ఒకరికి కుదిరితే మరొకరికి కుదరక, ఆ మాట క్రమంగా మరుగున పడిపోవటం మొదటిది. ఏ ఆలోచనా లేకుండా బండెక్కి, సగం రోజు ఎక్కడికి వెళ్లాలన్న వాదనలోనూ మిగిలిన సగం ఎక్కడ తినాలన్న వెతుకులాటలోనూ పోగొట్టుకోవటం రెండవది. మొదటి బృందం ఏర్పాట్ల బరువు కింద నలిగితే, రెండవ బృందం ఏర్పాటు లేక చెదిరిపోతుంది. అప్పటికప్పుడు బయలుదేరడానికి కూడా కొంత ఏర్పాటు కావాలని, అయితే అది మూడు నిర్ణయాలకు మించకూడదని ఈ అధ్యాయం ప్రతిపాదిస్తుంది. ఈ సూత్రాన్ని వివరించటానికి నర్సీపట్నం నుంచి తూర్పు కనుమల్లోని లంబసింగి కొండ మీదికి సాగే ఒక్కరోజు ప్రయాణాన్ని, అక్కడ కాఫీ రుచి చూసే అభ్యాసాన్ని ఉదాహరణగా తీసుకోవటం జరిగింది.

చాలినంత మంచి ఎంపిక

ప్రయాణాలు వాయిదా పడటానికి డబ్బు, తీరిక లేకపోవటం కంటె ఎక్కువగా కారణమయ్యేది, ఉన్నవాటిలో అన్నిటికన్నా మేలైనదాన్నే ఎంచుకోవాలన్న పట్టుదల. తరువాతి కాలంలో, 1978లో, ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ 1956లో ఈ విషయాన్ని చర్చిస్తూ ‘సాటిస్‌ఫైసింగ్’ అనే మాటను వాడాడు. ముందుగా ఒక కనీస ప్రమాణం పెట్టుకొని, దానిని అందుకున్న మొదటి అవకాశం దగ్గరే వెతుకులాట ఆపివేయటం దీని అర్థం. తెలుగులో దీనిని ‘చాలినంత ఎంపిక’ అనవచ్చు. పెళ్లి సంబంధానికో ఇల్లు కొనటానికో ఈ పద్ధతి చాలకపోవచ్చు గాని, ఒక ఆదివారాన్ని ఎలా గడపాలన్న ప్రశ్నకు ఇది అన్ని విధాలా సరిపోతుంది. ఎందుకంటే, ఎంపికలో జరిగే చిన్న పొరపాటు కంటె ఎంపిక చేస్తూ పోగొట్టుకునే ఉదయమే పెద్ద నష్టం.

ఇటలీ ద్రాక్షతోటలు, తూర్పు కనుమల కాఫీతోటలు

ఇలా గడపదగిన ఆదివారానికి ఇటలీలో ఒక నమూనా ఉంది. అక్కడి పల్లెప్రాంతాల్లో మిత్రబృందాలు ఒక పూట ద్రాక్షతోటల మధ్య తిరుగుతూ, పండించినవారి దగ్గరే వైన్ రుచి చూసి రావటం చాలాకాలంగా ఉన్న అలవాటు. రైతు తన పొలంలోనే అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేసే పద్ధతిని అక్కడ ‘అగ్రిటూరిజ్మో’ అంటారు. దీనికి 1985లో జాతీయ చట్టం వచ్చింది. 1993లో టస్కనీ ప్రాంతంలో మొదలైన ‘కాంతీనె అపెర్తె’, అంటే ‘తెరిచిన గిడ్డంగులు’ అనే కార్యక్రమం కింద ఏటా మే నెల చివర వైన్ తయారీదారులు తమ గిడ్డంగుల తలుపులు సందర్శకులకు తెరుస్తారు. ఈ అలవాటులోని సారం మద్యంలో లేదు. తయారుచేసిన చేయి, పండించిన నేల, రుచి చూసే నాలుక ఈ మూడూ ఒకేచోట కలుసుకోవటంలో ఉంది.

నర్సీపట్నం వాసికి ఆ కలయిక సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే దొరుకుతుంది. అబీద్ సెంటర్ దాటి చింతపల్లి దారి పట్టి, డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున లంబసింగి వస్తుంది. చలికాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే ఈ ఊరికి కొర్రబయలు అనే మరో పేరు ఉంది. ఆరుబయట ఉన్నవాడు కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడన్నది ఆ పేరుకు స్థానికులు చెప్పే అర్థం. అక్కడి నుంచి చింతపల్లి వైపు సాగే దారిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకొని మిరియాల తీగలు కనిపిస్తాయి.

ఇటలీ వైన్‌కు ఈ కొండల్లో సూటిగా సరితూగేది జీలుగు కల్లు. జీలుగు చెట్టు గెలను గీసి ఆదివాసులు దింపే ఈ పానీయం దింపిన వెంటనే తియ్యగా ఉండి, గంటలు గడిచేకొద్దీ పులిసి మత్తును సంతరించుకుంటుంది. అయినా ఈ అధ్యాయం కాఫీనే ఎంచుకోవటానికి కారణం స్పష్టం: మలుపుల ఘాట్‌లో, మంచులో బండి నడపవలసినవారు ఉన్న బృందానికి మత్తు తగదు, మెలకువ తగుతుంది. అంతేగాక, వైన్ రుచి చూడటంలో ఉన్న ప్రతి మెట్టూ, అంటే వాసన, పులుపు, వగరు, చిక్కదనం, చివరన నాలుక మీద మిగిలేది, కాఫీలోనూ ఉంది.

మూడు నిర్ణయాలు

బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి మూడే. మొదటిది, ఎవరెవరు అన్నది. ఒక కారులో పట్టే నలుగురు దీనికి సరైన సంఖ్య. ఉదయం ఫోను చేసినప్పుడు ‘వస్తాను’ అన్నవారితోనే బయలుదేరాలి తప్ప, ‘చూసి చెబుతాను’ అన్నవారి కోసం ఆగకూడదు, అలా ఆగకపోవటాన్ని ఎవరూ తప్పుపట్టకూడదన్న ఒప్పందం కూడా ముందే ఉండాలి. రెండవది, తిరుగు వేళ. డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలో పొద్దు గూకుతుంది, కొండ మీద వెలుతురు ఇంకా ముందే తగ్గుతుంది. కాబట్టి నాలుగు గంటలకు లంబసింగి వదలాలన్న నియమం పెట్టుకుంటే మిగిలిన రోజంతా గడియారం చూడనవసరం ఉండదు. మూడవది, చేయవలసిన ఒకే పని. తాజంగి జలాశయం, చెరువులవేనం మీది మేఘాలు, స్ట్రాబెర్రీ తోటలు, బొంగు చికెన్, ఇవన్నీ దారిలో తగిలితే సంతోషమే గాని, రోజుకు వెన్నెముకగా నిలిచే పని మాత్రం ఒక్కటే ఉండాలి. ఇక్కడ అది మూడు రకాల కాఫీని శ్రద్ధగా రుచి చూడటం.

ఈ మూడు నిర్ణయాలు ఐదు నిమిషాల్లో పూర్తికావాలంటే ఇంట్లో ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అందులో ఒకే కొలత గల స్టీలు గ్లాసులు, చెంచాలు, ఒక పెద్ద చెంబు, చిన్న చీటీలు, పెన్సిళ్లు, మూతలు బిగించిన కాఫీపొడి డబ్బాలు ఉంటే చాలు. పొడి మాత్రం గాలి తగిలి వాసన కోల్పోతుంది గనుక నెలకొకసారి దానిని ఇంట్లో వాడుకొని కొత్తది నింపుకోవాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, వాడుకలో జీసీసీ, తన దుకాణాల్లో ‘అరకు వ్యాలీ కాఫీ’ పేరుతో పొడిని అమ్ముతుంది, దానితో మొదలుపెట్టవచ్చు.

గ్లాసులోకి రాకముందు

రుచి చూడబోయే మూడు రకాల మధ్య తేడా తెలియాలంటే కాఫీ పండు నిర్మాణం కొంత తెలియాలి. ఎర్రగా పండిన కాయను వేళ్ల మధ్య నొక్కితే పలచని తియ్యటి గుజ్జు, దాని కింద జిగురు పొర, ఆ జిగురులో ముఖాముఖిగా అతుక్కున్న రెండు గింజలు బయటపడతాయి. గింజ మీద ‘పార్చ్‌మెంట్’ అనే పెళుసైన తొడుగు, దాని లోపల వెండి రంగు సన్నని పొర ఉంటాయి. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి కాబట్టి, నవంబరు నుంచి సాగే కోతలో పండినవాటినే ఏరుతూ అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావలసి ఉంటుంది. సుమారు 5 నుంచి 6 కిలోల పండ్లు కోస్తేగాని ఒక కిలో శుభ్రమైన గింజ రాదు.

కోసిన పండు మీది తోలు తీసి, జిగురు పొర విడిపోయేలా పులియబెట్టి, కడిగి, ఎండబెడితే వచ్చే అరబికా గింజను వ్యాపార పరిభాషలో ‘ప్లాంటేషన్’ అంటారు. పండును పండుగానే ఎండబెట్టి తరువాత దంచి తీస్తే అది ‘చెర్రీ’. మొదటిదానిలో పులుపు తేటగా, రెండవదానిలో ఎండు పండ్ల వాసన, చిక్కదనం ఎక్కువగా ఉంటాయి. మూడవ రకంగా తెలుగు ఇళ్లకు బాగా అలవాటైన చికోరీ మిశ్రమాన్ని పెట్టుకోవాలి. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసిన ఆ వేరులో కెఫీన్ ఉండదు గాని, దానివల్ల నల్లటి రంగు, చిక్కదనం, ఒక విధమైన చేదు వస్తాయి. పాలు, పంచదార లేకుండా ఈ మూడింటినీ పక్కపక్కనే పెట్టినప్పుడు, ఇన్నేళ్లుగా ‘కాఫీ రుచి’ అనుకున్నదానిలో ఎంత భాగం పాలది, ఎంత భాగం పంచదారది, ఎంత భాగం చికోరీదో మొదటిసారి అర్థమవుతుంది.

రుచి చూసే క్రమం

కాఫీ పరీక్షకులు అనుసరించే పద్ధతిని ‘కప్పింగ్’ అంటారు. ఒక్కొక్క గ్లాసులో 150 మిల్లీలీటర్ల నీటికి సుమారు 8 గ్రాముల బరక పొడి, అంటే దాదాపు ఒకటిన్నర పెద్ద చెంచాలు, వేసి ముందుగా పొడి వాసన చూడాలి. తరువాత 93 డిగ్రీల దగ్గర ఉన్న నీరు పోయాలి. నర్సీపట్నంలో ఫ్లాస్కులో పోసుకున్న నీరు కొండెక్కేసరికి తగినంత వేడిగా ఉండకపోవచ్చు గనుక, లంబసింగిలో ఏ టీ దుకాణం దగ్గరో డబ్బులిచ్చి మరిగించి ఇమ్మని అడగటం మేలు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ ఎత్తున నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. దించి కొద్దిసేపు ఆగితే సరిపోతుంది.

నీరు పోసిన తరువాత పొడి పైకి తేలి గోధుమరంగు తెట్టు కడుతుంది. నాలుగు నిమిషాలు దానిని కదపకుండా వదిలి, ఆపైన ముక్కును గ్లాసు దగ్గరికి తెచ్చి, చెంచా వెనుక భాగంతో ఆ తెట్టును మూడుసార్లు నెమ్మదిగా నెట్టాలి. అణిగి ఉన్న ఆవిరి ఒక్కసారిగా లేచే ఆ రెండు మూడు క్షణాల్లోనే అసలు వాసన దొరుకుతుంది. నురగ తీసివేసి, నోరు కాలనంత చల్లారాక, చెంచాతో కొద్దిగా తీసుకొని గట్టిగా చప్పుడయ్యేలా జుర్రాలి. పంక్తిలో కూర్చున్నప్పుడు అమర్యాద అనిపించుకునే ఈ చప్పుడు ఇక్కడ నియమం, ఎందుకంటే జుర్రినప్పుడు కాఫీ తుంపరలై నాలుకంతా పరుచుకొని, దాని వాసన గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరుతుంది. నోటిలోని పదార్థపు వాసన ఇలా లోపలి దారిన ముక్కుకు అందటం వల్లనే, జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా అనిపిస్తుంది. ఒక చెంచా నోటిలో పెట్టుకొని ముక్కు మూసి, తరువాత వదిలి చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

అదే గ్లాసును వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చగా ఉన్నప్పుడు, పూర్తిగా చల్లారాక మూడుసార్లు రుచి చూడాలి. వేడి తగ్గేకొద్దీ పులుపు, తీపి స్పష్టపడతాయి, లోపాలు కూడా బయటపడతాయి. తొందర పనికిరాని చోటు ఇదే. ఈ ఇరవై ముప్పై నిమిషాలు ఫోను సంచిలో ఉంటేనే అభ్యాసం ఫలిస్తుంది.

రుచికి మాట

రుచిని గుర్తించటం ఒక పని, దానికి మాట దొరకటం మరొక పని. ఈ రెండవ పనిలో తెలుగువారికి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఉంది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే షడ్రుచులను ఏటా ఉగాది పచ్చడిలో విడివిడిగా గుర్తుపట్టే అలవాటు బాల్యం నుంచే ఉంటుంది. వైన్ నిపుణులు ‘టానిన్’ అని ప్రత్యేకంగా నేర్పే అనుభూతి, అంటే నోరు పిడచకట్టుకొని నాలుక గరుకెక్కటం, పచ్చి జామకాయ కొరికిన తెలుగు పిల్లవాడికి వగరు అన్న ఒక్క మాటలో తెలుసు.

పులుపులోనూ అంతే. కాఫీలో పులుపు లోపం కాదు, మేలురకం అరబికాకు అది ప్రాణం. అయితే అది ఏ పులుపో చెప్పాలి. నిమ్మ పులుపు చురుక్కుమని తగిలి పోతుంది, చింతపండు పులుపు బరువుగా నిలుస్తుంది, చింతచిగురు పులుపు లేతగా ఉంటుంది, ఉసిరి పులుపు వెనుక వగరు, ఆ వెనుక తీపి వస్తాయి. వాసనకు కమ్మన, పచ్చివాసన, మాడువాసన, పొగచూరిన వాసన, ముక్కిన వాసన. చిక్కదనానికి పలచన, చిక్కన. ఈ మాటలన్నీ వంటింట్లో రోజూ వాడుకలో ఉన్నవే. ప్రతివారూ తమ చీటీ మీద నాలుగు వరుసలు రాసుకోవాలి: వాసన, పులుపు, చిక్కదనం, చివరన మిగిలినది. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న రెండు మాటలకు మాత్రం చీటీలో చోటు లేదు. అవి అభిప్రాయాన్ని చెబుతాయి గాని రుచిని చెప్పవు.

ముందు చీటీ, తరువాత మాట

చీటీ ఎందుకన్న ప్రశ్నకు మనోవిజ్ఞాన శాస్త్రం సమాధానం చెబుతుంది. అమెరికాలో సోలమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగాల్లో, గీతల పొడవును పోల్చి చెప్పే అతి తేలికైన పనిలో కూడా, చుట్టూ ఉన్నవారు కావాలని తప్పు సమాధానం చెప్పినప్పుడు, పరీక్షకు వచ్చినవారు దాదాపు మూడింట ఒకవంతు సందర్భాల్లో ఆ తప్పుకే వంతపాడారు; తరువాతి ప్రయోగాల్లో సమాధానాన్ని పైకి చెప్పక కాగితం మీద రాసే అవకాశం ఇచ్చినప్పుడు ఆ ధోరణి బాగా తగ్గింది. కంటికి కనిపించే గీత విషయంలోనే ఇలా అయితే, రుచి వంటి సున్నితమైన విషయంలో బృందంలో గట్టిగా మాట్లాడే ఒక్క స్నేహితుడు మిగిలిన ముగ్గురి నాలుకలనూ తన వెంట తిప్పుకోవటం ఎంత సులువో ఊహించవచ్చు.

కన్ను కూడా నాలుకను మోసగిస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే, వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అందువల్ల గ్లాసుల అడుగున అంకెలు రాసి, ఏ అంకె ఏ కాఫీయో ఒక్కరికే తెలిసేలా చేయటం మంచిది. ఆ ఒక్కరు అందరికంటె చివర మాట్లాడాలి.

అందరూ రాసిన తరువాత చీటీలు చదివితే, ఒకరు నిమ్మతొక్క అని రాసినచోట మరొకరు చింతచిగురు అని, ఇంకొకరు పచ్చిమామిడి అని రాసి ఉంటారు. ‘ఒరేయ్, ఇందులో చింతచిగురు ఎక్కడ తగిలిందిరా నీకు?’ అన్న ప్రశ్న ఎగతాళిగా మొదలైనా, అడిగినవాడు మరో చెంచా తీసుకొని వెతికితే అది ఎగతాళిగా మిగలదు. ముగ్గురూ ఒకే పులుపును తమ తమ ఇళ్ల వంటల జ్ఞాపకంతో గుర్తుపట్టారని అప్పుడు తెలుస్తుంది. ఏళ్ల తరబడి కలిసి తిరిగే మిత్రులు ఒకరి మాట మరొకరు పూర్తి చేసేంత చనువులో పడి, ఎదుటివాడు నిజంగా ఏమనుకుంటున్నాడో అడగటం మానేస్తారు. చీటీ ఆ అడగటాన్ని తిరిగి నేర్పుతుంది. ఈ అభ్యాసం వల్ల కలిగే లాభాల్లో కాఫీ జ్ఞానం కంటె ఇది పెద్దది.

నేల రుచి

వైన్ ప్రపంచంలో ‘తెర్వార్’ అనే ఫ్రెంచి మాట ఉంది. మట్టి, ఎత్తు, వాన, నీడ, పండించేవారి పద్ధతి కలిసి పంటకు ఇచ్చే విలక్షణతను అది సూచిస్తుంది. ఎత్తైన చల్లటి చోట కాఫీ పండు నెమ్మదిగా పక్వమవుతుంది, నీడచెట్లు ఆ నెమ్మదిని ఇంకా పెంచుతాయి, గింజలో రుచి అందువల్ల చిక్కబడుతుంది. ఒక పంటకు ఆ నేలతో గల ఈ బంధాన్ని చట్టం గుర్తించటమే భౌగోళిక గుర్తింపు. ‘అరకు వ్యాలీ అరబికా’కు అది 2019లో లభించింది.

నేల రుచిలో చరిత్ర కూడా భాగమే. మద్రాసు రాజధానిలోని ఈ కొండ ప్రాంతాలను మైదానపు చట్టాల నుంచి వేరుచేసి, కలెక్టరుకు ‘ఏజెంటు’ హోదాలో ప్రత్యేకాధికారాలిచ్చిన 1839 నాటి చట్టం వల్లనే వీటికి ‘ఏజెన్సీ’ అన్న పేరు నిలిచింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించేటప్పుడు ఆదివాసులతో అతి తక్కువ కూలికి చేయించిన చాకిరీ, వారిపై సాగిన దౌర్జన్యం అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న ఆ తిరుగుబాటు వీరులు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశారు. కారు అద్దంలోంచి మంచును చూస్తూ హాయిగా ఎక్కే దారికి ఇంత వెల చెల్లించినవారి మనవలే నేడు ఆ పక్క తోటల్లో కాఫీ పండ్లు ఏరుతుండవచ్చు.

ఈ ఎరుక ప్రవర్తనలో కనిపించాలి. భగత, కొండదొర, వాల్మీకి, కోందు తెగల రైతుల కాఫీతోటలు విహారస్థలాలు కావు, వారి జీవనాధారాలు. కాబట్టి ‘అమ్మా, తోట చూడొచ్చా?’ అని అడిగి, సరేనన్నాకనే లోపలికి అడుగు పెట్టాలి. మనుషుల ఫొటోలు వారి అనుమతితోనే తీయాలి. సంతలో పసుపు, మిరియాలు, రాజ్మా కొన్నప్పుడు నగరపు దుకాణంలో నోరెత్తకుండా చెల్లించేవారు ఇక్కడ పది రూపాయల కోసం గీచిగీచి బేరమాడటం తగదు. తెచ్చుకున్న ప్లాస్టిక్ తిరిగి సంచిలోనే కిందికి దిగాలి.

తిరుగుదారి, అభ్యాసం

నాలుగు గంటల నియమాన్ని ఎంత ఆనందం కలిగినా సడలించకూడదు. మంచు కమ్మిన ఘాట్‌లో హెడ్‌లైట్లను కిందికి దించి, మలుపు మలుపుకూ హారన్ కొడుతూ, పైకి వచ్చే బండికి దారి ఇస్తూ దిగాలి. పెట్రోలు నర్సీపట్నంలోనే నింపుకొని ఉంటే ఈ ప్రయాణంలో కంగారుకు చోటుండదు.

పాఠకుడు ఈ అధ్యాయాన్ని ఆచరణలో పెట్టటానికి చేయవలసినవి మూడు. ఈ వారంలో ఒక సాయంత్రం ఇంట్లోనే రెండు రకాల కాఫీని పాలు లేకుండా, చీటీతో రుచి చూడటం మొదటిది. సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టుకోవటం రెండవది. ‘వస్తాను’ అనగల ముగ్గురిని గుర్తించి, చెప్పాపెట్టకుండా ఒక ఉదయం ఫోను వస్తుందని మాత్రం వారికి చెప్పి ఉంచటం మూడవది. నర్సీపట్నానికి దూరంగా ఉండే పాఠకులు తమ ఊరికి గంట ప్రయాణంలో పండేదాన్ని, అది తాటిబెల్లమైనా, మామిడైనా, తేనె అయినా, ఇదే క్రమంలో తీసుకోవచ్చు.

తిరిగివచ్చిన రాత్రి ఎంత అలసట ఉన్నా గ్లాసులు కడిగి, తుడిచి, కొత్త చీటీలు కోసి సంచిలో పెట్టి, ఆ రోజు చీటీలను ఒక కవరులో వేసి తేదీ రాయాలి. తరువాతి ఉదయం ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి, సంచి మళ్లీ నిండిన తరువాతనే ఆ రోజు ముగిసినట్టు.